కాఫీలో మీగడ: బదులా, తోడా?

వైద్యుడు వంకాయ మానెయ్యమంటే మనవాళ్ళు మానేస్తారు. ఆవకాయ మానెయ్యమంటే నిట్టూర్చి మానేస్తారు. కాఫీ మానెయ్యమంటే మాత్రం వైద్యుణ్ణే మార్చేస్తారు! ఇది హాస్యానికి అన్న మాటే అయినా, చక్కెర వ్యాధి ప్రవేశించిన ఇళ్ళలో దీని వెనుక వున్న బాధ తెలియనివారుండరు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే ప్రకారం మన దేశంలో ఈ వ్యాధిగ్రస్తులు పది కోట్లకు పైమాటే. అంచేత ఈ కాఫీ తగాదా ఏ ఒక్క ఇంటిదో కాదు.

మా ఇంటి సంగతే చెబుతాను. మా అమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళుగా మధుమేహం. క్రిందటేడు డాక్టరుగారు పిండిపదార్థాలు బాగా తగ్గించమన్నారు. అన్నం గుప్పెడుకు దిగింది. ఇడ్లీ, ఉప్మా సెలవు పుచ్చుకున్నాయి. కూర, ఆకుకూర పప్పు, పెరుగు ముందుకు వచ్చాయి. అమ్మ దేనికీ మారు పలకలేదు. తీరా ఉదయపు కాఫీ దగ్గరకు వచ్చేసరికి పంచదార లేదు, పాలు లేవు. ఆ నల్లటి కషాయం ఒక గుక్క త్రాగి, గ్లాసు పక్కన పెట్టి, "అన్నం మానేశాను, మామిడిపండు మానేశాను. ఇదీ లేకపోతే తెల్లవారి లేవడం దేనికిరా?" అంది.

ఆ వయస్సు మనిషి ఆ మాట అంటే నవ్వి వూరుకోలేము. పైగా ఈ పథ్యం పది రోజులు చేసి వదిలేసేది కాదు, బ్రతికినన్నాళ్ళూ చెయ్యవలసింది. నోటికి హితవు కాని పథ్యం ఎన్నాళ్ళో నిలవదు.

మా ఆవిడ ఒక ఉపాయం ఆలోచించింది. "అత్తయ్యా, పాలు తగ్గించమన్నారు గాని మీగడ మాట ఎత్తలేదుగా! ఒక చెంచాడు వేసి ఇవ్వనా?" అంది. పక్కింటి పిన్నిగారు విని, "అయ్యో, చక్కెర జబ్బు మనిషికి మీగడా!" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? విచిత్రమేమిటంటే, రెండూ నిజమే. కొంచెం లెక్క చూస్తే తెలుస్తుంది.

మనం పంచదార వెయ్యకముందే పాలలో చక్కెర వున్నది. ఆవుపాలైనా, గేదెపాలైనా, నూరు మిల్లీలీటర్లలో సుమారు 5 గ్రాముల లాక్టోజ్ అనే పాలచక్కెర వుంటుంది. అంటే తూకంలో ఇంచుమించు ఒక చెంచాడు పంచదార! ఒక గ్లాసు కాఫీకి నూరు మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల పంచదార అనుకుందాం. మొత్తం 15 గ్రాములు. రోజుకు నాలుగు గ్లాసులయితే 60 గ్రాములు. రెండు వందల గ్రాముల అన్నంలో వుండే పిండిపదార్థం ఇంచుమించు ఇంతే! కంచంలో అన్నం తగ్గించి, గ్లాసులో త్రాగేస్తున్నామన్నమాట. పంచదార పూర్తిగా మానేసినా, పాల ద్వారానే 20 గ్రాములు లోపలికి పోతాయి.

ఇక మీగడ సంగతి. లాక్టోజ్ పాలలోని నీటిభాగంలో కరిగి వుంటుంది. మీగడలో నీరు తక్కువ, క్రొవ్వు యెక్కువ కనుక ఆ చక్కెర కూడా తక్కువే. బజారులో దొరికే 25 శాతం క్రొవ్వు గల క్రీము ఒక పెద్ద చెంచాడు, అంటే 15 గ్రాములు, తీసుకుంటే అందులో పిండిపదార్థం అరగ్రాముకు కాస్త అటూ యిటూ. కేలరీలు 40కి మించవు. నూరు మిల్లీలీటర్ల చిక్కటి గేదెపాలలో సుమారు 100 కేలరీలు వుంటాయి. అంటే పాలు మానేసి ఆ స్థానంలో ఒక్క చెంచాడు మీగడ వేసుకుంటే చక్కెరా తగ్గింది, కేలరీలూ తగ్గాయి. ఇక్కడ మా ఆవిడ గెలిచింది.

కాని మామూలు పాల కాఫీ పైన మీగడ తేల్చి త్రాగితే? పాలచక్కెర యెక్కడికీ పోలేదు, క్రొవ్వు అదనంగా వచ్చి చేరింది. పాలక్రొవ్వులో సుమారు మూడింట రెండు వంతులు చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచే జాతి. మధుమేహం వున్నవారికి గుండెజబ్బు భయం మామూలువారికంటె యెక్కువ. ఇక్కడ పిన్నిగారు గెలిచారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక నాకు తోచింది ఇదీ: మీగడ పాలకు "బదులు" అయితే పథ్యం, పాలకు "తోడు" అయితే అపథ్యం. రెండు చిన్న మాటలలోనే వుంది తేడా అంతా.

ఇది కొత్త విద్యేమీ కాదు. మూత్రానికి చీమలు పట్టడం చూసి ఈ జబ్బును గుర్తించిన దేశం మనది. మధుమేహమన్న పేరే అందుకు సాక్షి. 1797లో జాన్ రోలో అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు పిండివంటలు మాన్పించి మాంసం, క్రొవ్వు పెట్టే పథ్యాన్ని గురించి గ్రంథం వ్రాశాడు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టేవరకు రోగికి పథ్యం తప్ప గతి లేదు. ఇప్పుడు మందులున్నాయి, పథ్యం వాటికి చేదోడు.

ఇంట్లో చేసే పద్ధతి తేలిక. డికాషన్ చిక్కగా దించి, మరిగిన నీళ్ళు తగినన్ని కలపాలి. మీగడను అలాగే వేస్తే తరకలు తేలుతాయి. ముందుగా గిన్నెలో వేసి చెంచాతో మెత్తగా గిలకొట్టి, కొంచెం వేడి డికాషన్‌తో కలిపి, తరువాత గ్లాసులో పొయ్యాలి. ఇంటి మీగడలో క్రొవ్వు యెంతో చెప్పలేము కనుక చెంచా తలగొట్టి కొలవాలి. మా అమ్మకు డాక్టరుగారి అనుమతితో ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి ఇస్తున్నాము. మొదటి వారం త్రాగకముందూ, త్రాగిన రెండు గంటలకూ వేలికొసన చుక్క తీసి మీటరుతో చూశాము. తేడా స్వల్పం. "పాల కాఫీ కాదనుకో, కాని కాఫీయే" అని అమ్మ తీర్పు.

అందరికీ ఇలాగే వుంటుందని అనుకోరాదు. కొందరికి కాఫీలోని కెఫీనే కాస్సేపు చక్కెరను పెంచుతుంది. ఎవరి మీటరు వారే చూసుకోవాలి. ఇన్సులిన్‌గాని, చక్కెరను బాగా దించే మాత్రలుగాని వాడేవారు పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర మరీ పడిపోయే ప్రమాదమున్నది. అందుచేత పథ్యం మార్చేముందు మందు మోతాదు గురించి వైద్యుణ్ణి అడగాలి. కాఫీలో కలిపే తెల్లటి పొడులు మీగడ అని భ్రమపడవద్దు. చాలావాటిలో పంచదారో, గ్లూకోజ్ పాకపు పొడో వుంటుంది. డబ్బా మీది చిన్న అక్షరాలు చదివి మరీ కొనండి.

ఇల్లాళ్ళకు ఒక్క మనవి. ఇంట్లో పెద్దవారికి పథ్యం పెట్టేటప్పుడు "ఇది వద్దు, అది వద్దు" అన్న జాబితా పొడుగ్గానే వుంటుంది. దాని పక్కనే "ఇది పుచ్చుకోవచ్చు" అన్న జాబితా కూడా ఒకటి వ్రాసి వుంచండి. అందులో కొలత ప్రకారం ఒక చెంచాడు మీగడ వున్నా, పథ్యం చేసేవారికి అది కొండంత ధైర్యం.