తళి పచ్చదనంలో రాగికీ చోటుండాలి

తమిళనాడులో హోసూరు దగ్గర, సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తునున్న తళికి ఆంగ్లేయులు ‘లిటిల్ ఇంగ్లండ్’ అని పేరు పెట్టారు. చల్లగాలీ, చెరువులూ చూసి వచ్చేవారు ఈ నేల అన్నం పెట్టే తీరును కూడా చూడాలి. ఇక్కడి తెలుగు, కన్నడ, తమిళ ఇళ్లన్నిటికీ రాగి సంగటి సొంతమే. వానను నమ్ముకున్న రాగి చేలో అనప సాళ్లు వేస్తే, అనప వేళ్లు గాలిలోని నత్రజనిని మట్టికి అందిస్తాయి, కాయలు చలికాలపు పులుసుకు వస్తాయి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతైనా ఉండదు.

గులాబీ, క్యాబేజీ తెచ్చే డబ్బు రాగి తేగలదా అని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. పాలీహౌస్ పూలు హోసూరు ప్రాంతంలో ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి. కానీ 2020 లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లూ విమానాలూ ఆగగానే పూలు తోటల్లోనే వాడిపోయాయి. రాగులైతే ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి. జవళగిరి అడవి నుంచి పంట వేళకు దిగి రాగి చేలను పాడుచేసే ఏనుగులు ఇంతకన్నా గట్టి అభ్యంతరం. ఆ నష్టాన్ని రైతు ఒక్కడే మోయడం అన్యాయం, పరిహారం త్వరగా అందాలి. 2023లో ధర్మపురి, నీలగిరి జిల్లాల్లో తమిళనాడు ప్రభుత్వం రేషన్‌లో రెండు కిలోల బియ్యానికి బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. అలాంటి పథకాలకు కావలసిన రాగుల నికరమైన కొనుగోలు తళి రైతుకూ దక్కాలి.