ధర పెరిగినా తగ్గినా కారణం వెదకాలి: ఉద్దానం జీడి పిక్కల ఉదాహరణ

మదీనాలో ఒకసారి ధరలు పెరిగినప్పుడు, ప్రజలు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వద్దకు వచ్చి ధరలు నిర్ణయించమని కోరారు. ఆయన అంగీకరించలేదు. ధరల హెచ్చుతగ్గులు అల్లాహ్ చేతిలోనివని, ఎవరి ధనప్రాణాల విషయంలోనూ అన్యాయం చేసినవానిగా తాను అల్లాహ్ సన్నిధికి పోగోరడం లేదని చెప్పారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది.

బజారులో ఏమి జరిగినా చూస్తూ ఊరుకోవాలని దీని భావం కాదు. ఇమామ్ ఇబ్నె తైమియా (మరణం 1328) ‘అల్ హిస్బా’లో ఈ విషయాన్ని విడదీసి చూపారు. సరుకు కొరత వల్ల గాని, జనం పెరగడం వల్ల గాని ధర హెచ్చితే, ఫలానా ధరకే అమ్మమని వర్తకుణ్ణి నిర్బంధించడం దౌర్జన్యం. ప్రజలకు అత్యవసరమైన సరుకును దగ్గర పెట్టుకొని, మామూలు ధరకు అమ్మనని మొండికేస్తే మాత్రం న్యాయమైన ధరకు అమ్మించడం పాలకుని విధి. కనుక ముందుగా తేలవలసింది కారణం. అది తేల్చడం ఎంత చిక్కో మన శ్రీకాకుళం జిల్లాలోనే చూడవచ్చు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాలలో జీడి, కొబ్బరి తోటలు కూలిపోయాయి. పంట తగ్గింది గనుక మిగిలిన పిక్కలకు మంచి ధర రావాలి కదా! కాని పలాస–కాశీబుగ్గ కార్ఖానాలు ఉద్దానం పిక్కలతోనే నడవవు. ఆఫ్రికా దేశాల నుండి ఓడలలో వచ్చే పిక్కలనూ కొంటాయి. ఈ బజారుకు ఎల్లలు ఉద్దానం పొలిమేరలు కావు, ఆఫ్రికా రేవులు. చెట్టు పోయిన రైతుకు ధరైనా పెరుగుతుందన్న భరోసా లేదు. తరువాతి సంవత్సరాలలో 80 కిలోల బస్తాకు మద్దతు ధర కోరుతూ రైతులు ఆందోళనకు దిగారు.

వర్తకుడు జాలిమా? దిగుమతి పిక్క చౌక గనుక అతడు ఆ ధరే ఇవ్వజూపితే, అది జుల్మ్ అనలేము. ఎక్కువకు కొనమని అతడొక్కణ్ణే బలవంతపెడితే కార్ఖానా మూతపడవచ్చు. అప్పుడు పిక్కలు కొట్టి, పప్పు ఒలిచే స్త్రీల కూలి పోతుంది. రైతును ఆదుకోవాలంటే ఆ భారం ఖజానా మోయడం న్యాయమని నా అభిప్రాయం.

అరబ్బీలో బజారు ధరను ‘సిఅర్’ అని, ఒక బేరంలో కుదిరిన వెలను ‘సమన్’ అని వేరువేరుగా అంటారు. తెలుగులో మనం రెంటినీ ధర అనేస్తాము. జుల్మ్ తరచు ఈ రెంటి నడుమ దూరుతుంది. కాపుకు ముందే అప్పు ఇచ్చి, పలాస ధర తెలియని రైతు వద్ద తోటలోనే పంట రాయించుకొనే దళారి సంగతి వేరు. సరుకు తెచ్చేవారికి ఊరి బయటనే ఎదురేగి కొనడాన్ని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారించారు. బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్న తరువాత ఆ బేరాన్ని రద్దు చేసుకొనే హక్కు అమ్మినవానికి ఉందని ‘సహీహ్ ముస్లిం’ హదీసు. ఆ హక్కు విషయంలో మజ్‌హబుల మధ్య భేదం ఉన్నా, ధర దాచి మోసగించే ఇటువంటి కొనుగోలును మన హనఫీ ఫుఖహాలు కూడా మక్రూహ్ అన్నారు. ఎండబెట్టిన పిక్కలు నెలల తరబడి నిలువ ఉంటాయి. గిడ్డంగి, వడ్డీ లేని చేబదులు ఉన్న రైతు ధర తెలుసుకొని, ఆగి అమ్ముకోగలడు.