ఫ్రిస్కో వేరు, టెక్సాస్ వేరు

రోలుగుంట, చోడవరం, నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్ళలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు ఇప్పుడు వింతేమీ కాదు. వాళ్ళలో డాలస్ వెళ్ళొచ్చినవాళ్ళని "ఏటి చూశారండీ?" అని అడిగి చూడండి. ఇల్లు, గుడి, ఇండియన్ స్టోరు, కాస్ట్‌కో అంటారు. ఓపికుంటే ఇంకో గుడి. ఇందులో వాళ్ళ తప్పేం లేదు. మన ఇళ్ళలో అమెరికా ప్రయాణానికి ప్లాను అంటే వీసా రావడం, పచ్చళ్ళు కట్టడం. అక్కడికెళ్ళాక ఏం చూడాలో కొడుకు చూసుకుంటాడని వీళ్ళనుకుంటారు. అమ్మానాన్నలకి మనవలుంటే చాలని వాడనుకుంటాడు. మధ్యలో ఆరు నెలలు గడిచిపోతాయి.

ముందుగా సైజు సంగతి. టెక్సాస్ విస్తీర్ణం సుమారు 6,95,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రా, తెలంగాణ కలిపినా అది వాటికి రెండున్నర రెట్లు. హ్యూస్టన్ నుంచి ఎల్ పాసో దాదాపు 1,200 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి గడియారం కూడా గంట వెనక్కి తిప్పుకోవాలి, రాష్ట్రం మాత్రం మారదు. డాలస్ నుంచి హ్యూస్టన్ సుమారు 385, శాన్ ఆంటోనియో 440. రోడ్లకి వంక పెట్టలేం. ఆస్టిన్ దగ్గర 130వ నంబరు టోల్ రోడ్డు మీద కొంత దూరం గంటకి 85 మైళ్ళు, అంటే 137 కిలోమీటర్ల వేగం చట్టబద్ధం. మన బీఎన్ (భీమునిపట్నం-నర్సీపట్నం) రోడ్డు మీద నడుములు అరగదీసుకున్నవాళ్ళు ఈ అంకెని రెండుసార్లు చదువుకోవచ్చు. కాకపోతే కారు లేకపోతే అక్కడ కాలు కదపలేం. డాలస్ దగ్గరి ఫ్రిస్కో లాంటి శివారులో వీధి చివర నిలబడి చెయ్యెత్తితే ఆగే ఆటో ఉండదు. అందుకే ఏది చూడాలన్నా నడిపేవాడి సెలవుతో ముడిపడి ఉంటుంది.

ఇక మనుషుల సంగతి. టెక్సాస్ మీద ఆరు జెండాలు ఎగిరాయి: స్పెయిన్, ఫ్రాన్స్, మెక్సికో, సొంత రిపబ్లిక్, అమెరికా, అంతర్యుద్ధంలో దక్షిణాది కూటమి. 1836 నుంచి 1845 దాకా అది విడి దేశం. 2020 జనాభా లెక్కల్లో తెల్లవాళ్ళు, హిస్పానిక్ మూలాలవాళ్ళు చెరో 40 శాతానికి దగ్గరగా తేలారు. మిగిలినవాళ్ళలో నల్లవాళ్ళు, ఆసియావాళ్ళు, వాళ్ళలో మనవాళ్ళు. అయితే ఈ వైవిధ్యమంతా ఒకే వీధిలో దొరకదు. ఊరూరికీ పంచి ఉంటుంది. మీ అబ్బాయి కాలనీలో సాయంత్రం వాకింగుకి వెళితే గుంటూరు, కరీంనగర్, భీమవరం కనిపిస్తాయి. అదీ వైవిధ్యమే, కానీ దానికి అమెరికా వీసా ఫీజు అక్కర్లేదు.

శాన్ ఆంటోనియోతో మొదలెట్టాలి. అలమో కోటతో సహా అయిదు స్పానిష్ మిషన్లకి, అంటే పాదిరీల స్థావరాలకి, 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అందరూ అలమో ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. వ్యవసాయం తెలిసినవాళ్ళు మాత్రం ఎస్పాడా మిషన్ దాకా వెళ్ళాలి. 1730, 1740ల్లో స్పానిష్ పాదిరీలు, స్థానిక తెగలవాళ్ళు కలిసి ఒక వాగు మీదుగా రాతి కమానులు కట్టి, వాటి మీంచి పొలాలకి కాలువ దాటించారు. దాని మీద ఇప్పటికీ నీరు పారుతోంది. సాగునీటి కాలవల మరమ్మతుల కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్న రైతుకి ఆ కమానుల దగ్గర ఓ అరగంట తెలీకుండానే గడిచిపోతుంది.

అక్కడి నుంచి గంటన్నర లోపు ఫ్రెడరిక్స్‌బర్గ్. 1846లో జర్మన్ వలసదారులు కట్టుకున్న ఊరు. మరుసటి ఏడాది కొమాంచి తెగతో సంధి చేసుకున్నారు. మాట నిలబడ్డ అరుదైన సంధుల్లో అదొకటని చెబుతారు. అక్కడ తప్పక చూడాల్సినవి 'సండే హౌస్'లు. దూరంగా పొలాల్లో ఉండే రైతులు శనివారం బండి కట్టుకుని ఊళ్ళోకొచ్చి, సంత చేసుకుని, ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళిపోయేవారు. ఆ ఒక్క రాత్రి కోసం కట్టుకున్న ఒంటిగది ఇళ్ళవి. పిల్లలు పైన అటక మీద పడుకునేవారు. మెట్లు ఇంటి బయట వైపుంటాయి, లోపల చోటు వృథా కాకుండా.

మూడోది హ్యూస్టన్ వైపు. అంతరిక్ష కేంద్రం ఎలాగూ చూపిస్తారు. ఆంధ్రాలో పుట్టి, 2021లో వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షం అంచుకి వెళ్ళొచ్చిన శిరీష బండ్ల పెరిగింది ఆ ఊళ్ళోనే. 1975 తర్వాత వచ్చి స్థిరపడ్డ వియత్నాం కుటుంబాల బజారు బెలైర్ బులవార్డ్‌లో ఉంది. పేర్‌లాండ్‌లో మీనాక్షి గుడి ఉంది. హ్యూస్టన్‌కి నైరుతిన షుగర్ ల్యాండ్‌లో, అష్టలక్ష్మి ఆలయంలో 2024 ఆగస్టులో ప్రతిష్ఠించిన 90 అడుగుల హనుమంతుడు ఉన్నాడు. మనవాళ్ళు అక్కడ దణ్ణం పెట్టుకుని, ప్రసాదం తిని, కారెక్కుతారు.

గోవాడ పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలినవాళ్ళు మాత్రం షుగర్ ల్యాండ్‌లో ఇంకో గంట ఆగాలి. ఆ ఊరు పుట్టిందే చెరకు తోటల మీద, పంచదార మిల్లు చుట్టూ. మిల్లు చరిత్ర 1843 దాకా వెళుతుంది. శుద్ధి కర్మాగారం 2003లో మూతపడింది. బానిసత్వం చట్టం నుంచి పోయాక చెరకు కొట్టడానికి మనుషులు చాల్లేదు. దానికి ప్రభుత్వం కనిపెట్టిన ఉపాయం ఖైదీలని తోటల యజమానులకి అద్దెకివ్వడం. ఆ ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్ళు, చాలామందివి చిల్లర నేరాలు. 2018లో ఒక బడి కట్టడానికి తవ్వుతుంటే 95 మంది అస్థికలు బయటపడ్డాయి, అన్నీ ఆ కాలపు సమాధులే. చెరకు ఆకు పదునుకి చెయ్యి కోసుకున్నవాడికి ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

హ్యూస్టన్ నుంచి ఆగ్నేయంగా సముద్రం ఒడ్డున గాల్వెస్టన్. లింకన్ బానిస విముక్తి ప్రకటన అమల్లోకొచ్చింది 1863 జనవరి 1న. ఆ కబురు సైన్యంతో సహా గాల్వెస్టన్ చేరింది 1865 జూన్ 19న. రెండున్నరేళ్ళు. జీవో వచ్చింది గానీ మండలానికి అందలేదన్న మాట మనకే సొంతం కాదన్నమాట. ఆ తేదీనే జూన్‌టీన్త్ అంటారు. 1980 నుంచి టెక్సాస్‌లో, 2021 నుంచి దేశమంతటా సెలవు.

ఎప్పుడు వెళ్ళాలి? మార్చి చివర, ఏప్రిల్‌లో రోడ్ల పక్కన నీలి బ్లూబానెట్ పూలు పరుచుకుంటాయి. టోర్నడోల కాలమూ అదే. డాలస్‌లో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండుకి సైరన్లు పరీక్షిస్తారు. ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మకి ఆ సంగతి ముందే చెప్పి ఉంచడం కొడుకు ధర్మం. జులై, ఆగస్టు ఎండలు మన వేసవి ఎండల్లాంటివే. జూన్ నుంచి నవంబరు దాకా సముద్రం వైపు తుపాన్ల కాలం.

వీసా కాగితాల దగ్గర మనకో స్థానిక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న రోలుగుంట విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. పాత పాసుపోర్టులో ఒకటి, కొత్త ఆధార్‌లో ఇంకొకటి. కంగారు పడక్కర్లేదు; డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో పేరు, పుట్టిన ఊరు పాసుపోర్టులో ఉన్నట్టే నింపాలి. పాసుపోర్టులో పేరంతా ఒకే గడిలో పడి రెండో గడి ఖాళీగా ఉంటే, వీసా మీద 'ఎఫ్‌ఎన్‌యూ' అని వస్తుంది, అంటే పేరు తెలియదని. అరవయ్యేళ్ళుగా ఊరంతా పిలుస్తున్న మనిషికి అలా రాకుండా ముందే పాసుపోర్టు సరిచేయించుకోవడం మేలు.

వీసా ఫీజు 2023 జూన్ నుంచి 185 డాలర్లు. కట్టేనాటి ధర మళ్ళీ చూసుకోవాలి. వేలిముద్రలకి ఒక రోజు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి ఒక రోజు. సాయంత్రం అనకాపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. వాళ్ళ చట్టం ప్రకారం వెళ్ళే ప్రతివాడూ అక్కడే ఉండిపోతాడన్నది మొదటి అనుమానం. కాదని చెప్పుకోవాల్సింది మనమే. పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్, పింఛను కాగితాలు పట్టుకెళ్ళండి. చాలాసార్లు ఆ ఫైలు విప్పమనరు. ఎవరి దగ్గరికి, ఎన్నాళ్ళకి, తిరిగొచ్చి ఏం చేస్తారు అన్నవాటికి పొట్టిగా, నిజంగా చెబితే చాలు. వీసా పదేళ్ళకి ఇచ్చినా, ఒక్కో విడతలో ఎన్నాళ్ళు ఉండాలో అక్కడి విమానాశ్రయంలో అధికారి చెబుతాడు. మామూలుగా ఆరు నెలలు.

పెట్టె సర్దేటప్పుడు కొన్ని మాటలు. కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు. నిమ్మజాతి తోటలకి తెగులు మోసుకొస్తుందని భయం. మాంసం పచ్చళ్ళూ వద్దు. దుబాయ్, దోహా మీదుగా వెళితే గసగసాలు అసలే వద్దు. మనకి మసాలా, అక్కడి చట్టానికి మత్తుమందు. అనకాపల్లి బెల్లం లాంటివి ఉన్నాయని అక్కడి కస్టమ్స్ వాళ్ళకి చెప్పి, అడిగితే చూపించండి. బీపీ, షుగరు మందులు చీటీతో సహా చేతిసంచీలో ఉండాలి. ఇన్సూరెన్సు కొనేటప్పుడు పాత జబ్బులకి ఎంతవరకు ఇస్తారో చదివి కొనాలి. చవక పాలసీలు అక్కడి ఆసుపత్రి బిల్లు ముందు మర్యాదగా పక్కకి తప్పుకుంటాయి.

తిండి దగ్గర బ్రిస్కెట్ అంటే గొడ్డుమాంసమని, మెక్సికన్ హోటల్లో చిక్కుడు గింజల ముద్దని పందికొవ్వుతో వండి ఉండొచ్చని తెలిస్తే చాలు. అడిగితే చెబుతారు.

చివరికి అసలు పని. అమెరికాలో జీతంతో కూడిన సెలవు ఇచ్చి తీరాలని కేంద్ర చట్టమేదీ లేదు. ఉన్న కొద్ది రోజుల్ని పిల్లలు లెక్కపెట్టుకుని వాడతారు. కాబట్టి సెలవుతో కలిసొచ్చే వారాంతాలు పట్టుకోవాలి. మే చివరి సోమవారం మెమోరియల్ డే: ఆ మూడు రోజులు శాన్ ఆంటోనియో, ఫ్రెడరిక్స్‌బర్గ్. జూన్ 19కి దగ్గర్లో హ్యూస్టన్, షుగర్ ల్యాండ్, గాల్వెస్టన్. టిక్కెట్టు తీసేముందే ఈ తేదీలు కొడుకు చేత ఒప్పించుకోండి. ఈ రెండూ అయ్యాక మిగతా అయిదు నెలలు మనవల్ని ఆడించుకోవచ్చు. దానికి ప్లాను అక్కర్లేదు.