పీఠం దిగిన ఆచార్యులు

విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న రామతీర్థానికి పోయేవారిలో చాలమంది శ్రీరాముని దర్శనం చేసుకొని తిరిగి వస్తారు. అక్కడనే ఉన్న గురుభక్తులకొండ ఎక్కేవారు అరుదు. ఆ కొండ చరియమీద స్తూపమూ, చైత్యగృహాలూ, భిక్షువులు నివసించిన గదులూ ఇటుక పునాదులుగా మిగిలి ఉన్నవి. 1910 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ అనే పురావస్తుశాఖవారి అధికారి అక్కడ త్రవ్వకాలు జరిపించినాడు. దొరికినవాటిలో మట్టి ముద్రికలున్నవి. వాటిమీద శివమక విజయరాజు పేరూ, శైలసంఘమన్న మాటా కనిపిస్తున్నవి. శైలసంఘమంటే కొండమీది సంఘమని అర్థం.

ఆ విహారాన్ని కొన్ని తరాలపాటు ఎవరో ఒకరు నడిపి ఉండాలి గదా. వర్షాకాలంలో ఎవరికి ఏ గది ఈయవలెనో, కొండ దిగువ ఊళ్ళనుండి వచ్చిన బియ్యం ఎట్లా పంచవలెనో చెప్పిన పెద్ద ఒకడుండాలి. ముసలితనం మీదపడినప్పుడు ఆ పెద్ద తన బాధ్యతను మరొకరి చేతిలో పెట్టి ఉండాలి. అట్టివారిలో ఒక్కరి పేరైనా ఆ ముద్రికమీద లేదు. ముద్ర సంఘానిది. దానిని చేతపట్టిన మనిషి మారినా ముద్ర మారదు. కొండ పేరు సైతం గురువును విడిచి గురుభక్తులనే తలచుకొంటున్నది. ఇది ఏనాటి పేరో, ఎవరు పెట్టిన పేరో గాని, తెలుగు చదువుకొన్నవానికి ఈ మాట దగ్గర కాసేపు ఆగబుద్ధి అవుతుంది.

మఠాధిపత్యం వదులుకోవడమన్న ప్రసక్తి బౌద్ధంలో మొట్టమొదట బుద్ధుని ముందరికే వచ్చింది. రాజగృహంలో రాజుతో సహా పెద్ద సభ కూడి ఉండగా దేవదత్తుడు లేచి, స్వామీ, మీరు వృద్ధులైనారు, ఇక విశ్రాంతి తీసుకొని సంఘాన్ని నాకు అప్పగించండని అడిగినాడు. బుద్ధుడు సమ్మతించలేదు. శారిపుత్ర మౌద్గల్యాయనులకే అప్పగించనివాడను నీకు అప్పగిస్తానా అన్నాడు. ఇంతవరకే చదివితే ముదిమిలో సైతం పీఠం విడువలేని మనిషి అనిపించవచ్చు. కాని అవసానకాలంలో ఆనందుడు సంఘానికి చివరి ఆదేశమేమని అడిగినప్పుడు, సంఘం తనమీద ఆధారపడి ఉన్నదని తాను అనుకోవడమే లేదన్నాడు. తన తరువాత ధర్మమూ వినయమూ మీకు శాస్త అని చెప్పి, ఏ భిక్షువునూ వారసునిగా నియమించకుండానే వెళ్ళిపోయినాడు. తరువాత మగధమంత్రి వర్షకారుడు ఆనందుని కలిసి, బుద్ధుని స్థానంలో ఇప్పుడు మీకు పెద్ద ఎవరని ఆరా తీసినాడు. రాజ్యాలు నడిపేవానికి అంతకన్న వేరే ప్రశ్న తోచదు. అట్టివారెవరూ లేరని, ధర్మమే తమకు శరణ్యమని ఆనందుడు జవాబు చెప్పినాడు. దేవదత్తునికి దక్కనిది మరెవరికీ దక్కలేదు. ఈయడానికి అక్కడ పీఠమంటూ ఉంటే గదా.

పీఠం లేకపోయినా పనులున్నవి. వాటికి వినయపిటకం చేసిన ఏర్పాటు చూస్తే మన పంచాయతీలు, పాఠశాలా సంఘాలు సిగ్గుపడవలసి ఉంటుంది. పడకలూ ఆసనాలూ ఏర్పాటు చేసేవాడు, భోజనానికి భిక్షువులను పంపేవాడు, వస్త్రాలు పంచేవాడు, ఇట్లా ప్రతి పనికీ సంఘం కూర్చుని ఒకరిని ఎన్నుకొనవలె. ఎన్నికయ్యేవానిలో రాగద్వేషాలు, అజ్ఞానం, భయం అనే నాలుగు కారణాలచేత పక్షపాతం చూపే గుణం ఉండరాదు. అయిన పని ఏదో, కాని పని ఏదో తెలిసి ఉండవలె. నిర్మాణాలు చూసే నవకర్మికునికైతే గడువు కూడ ఉన్నది. చిన్న విహారమైతే 5, 6 ఏండ్లు. మహావిహారమైతే 10 నుండి 12 ఏండ్లు. గడువు తీరగానే దిగిపోవడం త్యాగమనిపించుకోదు, నియమం మాత్రమే. నాగార్జునకొండలో ఉపాసిక బోధిశ్రీ క్రీ.శ. 3వ శతాబ్దంలో వేయించిన శాసనం ఈ ఏర్పాటుకు మన నేలమీది సాక్ష్యం. ఆమె కట్టించిన చైత్యగృహపు పనిని చంద్రముఖుడు, ధర్మనంది, నాగుడు అనే ముగ్గురు స్థవిరులు నవకర్మికులై చూసినారట. ఒక్కని చేతిలో పెట్టలేదు. శిలను మలచిన వడ్రంగి విధికుని పేరు కూడ ఆ శాసనంలోనే ఉండటం నాకు మరీ ఇష్టమైన సంగతి.

మన కళింగతీరానికి ఉత్తరంగా ఉన్న రేవు తామ్రలిప్తిలో క్రీ.శ. 673లో దిగిన చైనా భిక్షువు ఇత్సింగ్ అక్కడి విహారంలో ఇదే పద్ధతి చూసి ఆశ్చర్యపడినాడు. ఏ చిన్న వ్యవహారమైనా సభలో తేలవలసిందే. సంఘం మాట కాదని ఎవడైనా తన ఇష్టప్రకారం నిర్ణయిస్తే అతనిని కులపతి అని పిలిచి బయటికి పంపేవారట. కులపతి అంటే ఇక్కడ ఇంటి యజమాని. సన్న్యసించి వచ్చినవాడు విహారాన్ని సొంత ఇల్లు చేసుకొన్నాడని ఆ మాటలోని నింద. పదవీవిరమణ సభలో శాలువా కప్పించుకొన్న మర్నాడు కూడ బీరువా తాళపుచెవులు జేబులోనే ఉంచుకొనే పెద్దలను ఉపాధ్యాయ మిత్రులు ఎరుగుదురు. అటువంటివారికి ఇంతకన్న తగిన పేరు మన నిఘంటువుల్లో దొరకదు.

అయితే నియమం ప్రకారం దిగినవారి కథలు మిగలవు, దిగనక్కరలేని నాడు దిగినవారి కథలే మిగులుతాయి. అట్టివాడు ధర్మపాలుడు. కాంచీపురంలో మంత్రికుమారుడు. రాజు తన కుమార్తెనిచ్చి పెండ్లి చేయబోగా, ముందటి రాత్రి పారిపోయి భిక్షువైనాడని హుయాన్‌త్సాంగ్ వ్రాసినాడు. 6వ శతాబ్దంలో నలందకు ఆచార్యుడై వేలమంది విద్యార్థులకు విజ్ఞానవాదం బోధించినాడు. అంతటివాడు 29వ ఏట ఆ స్థానం విడిచి బుద్ధగయకు పోయినాడు. తన ఆయువు పొడుగైనది కాదని గ్రహించి, ఇక బోధివృక్షాన్ని విడిచి కదలనని వ్రతం పట్టినాడట. 32వ ఏట అక్కడనే కన్నుమూసినాడు. హుయాన్‌త్సాంగ్ శిష్యుడైన క్వైచీ ఈ సంగతి వ్రాసి ఉంచినాడు.

ఇక్కడనే మన ఆంధ్రుల కథ వచ్చి కలుస్తుంది. ధాన్యకటకంలో భావవివేకుడనే మహాపండితుడుండేవాడు. నాగార్జునుని మాధ్యమిక సిద్ధాంతానికి ప్రజ్ఞాప్రదీపమనే వ్యాఖ్య వ్రాసినవాడు. ధర్మపాలుని కీర్తి విని, వాదించి తేల్చుకొందామని కఱ్ఱ చేతపట్టి మగధకు బయలుదేరినాడు. పాటలీపుత్రం చేరేసరికి ధర్మపాలుడు బోధివృక్షం దగ్గర ఉన్నాడని తెలిసింది. తన సంకల్పం నెరవేరేవరకు ఆ వృక్షాన్ని చూడనని భావవివేకునికి వేరొక వ్రతం. అందుచేత శిష్యుని పంపినాడు. మనుష్యజీవితం భ్రాంతి వంటిది, ప్రాణం నీటిమీద తేలేది, రాత్రింబగళ్ళు సాధనలో ఉన్న నాకు వాదానికి తీరిక లేదని ధర్మపాలుడు కబురు పెట్టినాడు. మనుషులు అటూ ఇటూ తిరిగినారు గాని, ఆచార్యులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండానే విడిపోయినారు.

దీనిని ధర్మపాలుని ఓటమిగా చెప్పేవారున్నారు. నాకట్లా తోచదు. నలందలో ఉన్ననాడు వాదం అతని ఉద్యోగధర్మం. పీఠం దిగిన తరువాత గెలుపుతో పనేమి? గెలిచినా ఆ గెలుపు నలందది, తనది కాదు. సభలు వదులుకొన్నవారు చాలమంది సభలో ఆఖరిమాట మాత్రం వదులుకోలేరు. ఆ ఆఖరిమాటను కూడ అతడు అక్కడనే విడిచివచ్చినాడు. విడువని పని ఒక్కటే, గ్రంథరచన. వసుబంధుని త్రింశికకు వ్యాఖ్య వ్రాసి, తగినవాడు వస్తే ఇమ్మని ఒక గృహస్థుకు అప్పగించి పోయినాడని క్వైచీ అంటాడు. నలంద గ్రంథాలయానికి గాక గృహస్థుకు! ఆ వ్యాఖ్య తరువాత హుయాన్‌త్సాంగ్‌కు చేరి చైనాకు పోయింది.

భావవివేకుడు మాత్రం సంశయం తీరక ధాన్యకటకానికి తిరిగివచ్చినాడు. మైత్రేయబుద్ధుడు తప్ప తన సందేహం తీర్చేవాడు లేడనుకొన్నాడు. ఏండ్ల తరబడి జపం చేసి, మంత్రించిన ఆవగింజలతో కొండబండను కొట్టగా బండ తెరుచుకొన్నదట. లోపల సర్పాలుంటాయని చూసినవారు జంకినారు. ఆరుగురు మాత్రం అతని వెంట పోయినారు. బండ మూసుకొన్నది. హుయాన్‌త్సాంగ్ ఈ కథను ధాన్యకటకంలో విన్నది క్రీ.శ. 639 ప్రాంతంలో. ఒకడు పీఠం దిగి చెట్టు క్రిందికి, ఒకడు ఊరు విడిచి బండలోనికి. ఇద్దరిలో ఎవరిది నిజమైన విరమణ అని విద్యార్థులు వాదించుకోవచ్చు.

ధర్మపాలుని తరువాత నలంద భారం వహించినవాడు అతని శిష్యుడు శీలభద్రుడు. రెండు లెక్కలూ కలిపి చూస్తే గురుశిష్యుల వయస్సు దాదాపు సమానమే. గురువు 29 ఏండ్లకు దిగిపోగా శిష్యుడు 106 ఏండ్లు వచ్చినా దిగలేదు. ఆశచేత మాత్రం కాదు. కీళ్ళు కొరికే వ్యాధితో 20 ఏండ్లకు పైగా బాధపడి, ఒకనాడు నిరాహారంతో దేహం చాలించాలని నిశ్చయించుకొన్నాడు. కలలో దేవతలు కనిపించి, చైనానుండి ఒక భిక్షువు చదువుకోవడానికి వస్తున్నాడు, అతనికి చెప్పిన తరువాత పోవచ్చునన్నారట. హుయాన్‌త్సాంగ్ వచ్చి దారిలో మూడేండ్లు గడిచినవని చెప్పగా, ఆ కల వచ్చి కూడ అంతే కాలమైనదని వృద్ధుడు కంటతడి పెట్టినాడు. యోగాచారభూమి శాస్త్రపాఠం 15 నెలలు సాగింది.

చదువు ముగిసి హుయాన్‌త్సాంగ్ స్వదేశానికి బయలుదేరుతానన్నప్పుడు నలంద భిక్షువులందరూ వలదన్నారు. శీలభద్రుడు అతని కారణం విని సంతోషించి, ఇతనిని ఆపవద్దని ఆజ్ఞాపించినాడు. హుయాన్‌త్సాంగ్ 645లో చైనా రాజధాని చేరినాడు. గురువు మరణవార్త అక్కడికి ఆలస్యంగా అందింది. 654లో మగధ భిక్షువులకు వ్రాసిన ఉత్తరంలో దుఃఖం తెలుపుకొని, సింధునది దాటేటప్పుడు ఒక గుఱ్ఱపుమోపు గ్రంథాలు నీటిపాలైనవని, వాటి పేర్లు క్రింద వ్రాస్తున్నానని, ఎవరైనా వచ్చేటప్పుడు పంపించమని కోరినాడు.