అరబ్బు ఇసుకలో మన జిల్లేడు

రథసప్తమినాడు తలపైన, భుజాలపైన జిల్లేడు ఆకులు ఉంచుకొని స్నానం చేయడం తెలుగువారి ఆచారం. వినాయక చవితి ఇరవైయొక్క పత్రిలో కూడ ఇది ఒకటి. సంస్కృతంలో దీని పేరు అర్కం. సూర్యునికి కూడ అదే పేరు. ఈ పేరు విన్నా మొక్కను చూడని పిల్లలు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. వారి కొరకే ఈ నాలుగు మాటలు.

జిల్లేడు మన దేశపు సొత్తు మాత్రమే కాదు. సౌదీ అరేబియాలో, ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న తిహామా మైదానంలో, ఎవరూ నాటకుండానే ఏళ్ల తరబడి బ్రతుకుతుంది. అరబ్బులు దానిని ఉషర్ అంటారు. ఆంధ్రదేశంలో విరివిగా కనబడే పెద్ద జిల్లేడు పువ్వు లేత ఊదాగానో, తెల్లగానో ఉండి, రేకులు వెడల్పుగా విచ్చుకొంటాయి. సౌదీలోనిది మరొక జాతి. దాని తెల్లని రేకులు గిన్నెవలె నిటారుగా నిలుస్తాయి. కొనలు మాత్రం ఊదా.

అంత ఎండలో అది ఎట్లా నిలుస్తుంది? వేరు లోతుకు దిగి తేమను వెదకుతుంది. ఆకుపైనున్న మైనపు పొర నీటిని పోనివ్వదు. ఆకు త్రుంచితే కారే పాలు విషం గనుక పశువులు సాధారణంగా ముట్టవు. మేకలు, ఒంటెలు తక్కిన పచ్చదనమంతా మేసిన చోట ఇదొక్కటే మిగులుతుంది. అందుచేత జిల్లేళ్లు దట్టంగా ఉన్న నేలను చూచి, అక్కడ మేపు మితిమీరిందని శాస్త్రజ్ఞులు గుర్తిస్తారు. కాయ ఎండి పగిలితే పట్టువంటి దూది తగిలిన గింజలు గాలిలో ఎగిరిపోతాయి.

ఒక్క జాగ్రత్త. ఈ పాలు కంటిలో పడితే చూపు మసకబారే ప్రమాదం ఉన్నది. పూజకు ఆకు కోసినవారు పాలు తుడిచి, చేతులు సబ్బుతో కడుగుకోవాలి. కంట పడితే వెంటనే మంచినీటితో చాలాసేపు కడిగి వైద్యునికి చూపాలి. కడుపులోకి మందుగా ఎన్నడూ పుచ్చుకోరాదు. అది గుండెకు హాని చేస్తుంది.

1834 మొదలు మారిషస్‌కు, 1860 మొదలు నేటాలుకు కూలి ఒడంబడికలపై ఓడలెక్కినవారిలో మన పెద్దలున్నారు. 1970ల నుండి సౌదీకి పనికి వెళ్లినవారిలోను తెలుగువారున్నారు. తిహామాలో పనిచేసే తెలుగువానికి ఈ మొక్క పేరు ఎవరూ చెప్పనక్కరలేదు. మన పిల్లలకు మాత్రం మనమే చెప్పాలి.