పేరు ఒకరిది.. ఇంజను మరొకరిది!

కొత్త కారు కొనదలచిన కుటుంబం షోరూం మెట్లెక్కక ముందే ఒక మనిషిని కలుస్తుంది. ఆయన కార్ల సంగతులన్నీ కంఠస్థం చేసిన బంధువు కావచ్చు, సహోద్యోగి కావచ్చు, వీధి చివర మెకానిక్ కావచ్చు. ఆయన మాటకున్న విలువ కంపెనీ ప్రకటనలకు ఉండదు. ‘ఆ కంపెనీ బళ్లన్నీ రేకు డబ్బాలే’, ‘ఈ కంపెనీ ఇంజనుకు తిరుగులేదు’, ‘అది కొంటే మళ్లీ అమ్ముకోలేరు’ అంటూ నాలుగు ముక్కల్లో తీర్పు చెప్పేస్తారు. ఏళ్ల తరబడి వాయిదాలు కట్టవలసిన కొనుగోలుకు ఆ తీర్పే ఆధారమవుతుంది. అయితే కంపెనీ పేరును బట్టి కారును అంచనా వేయడం ఎంత కష్టమో గత రెండు దశాబ్దాల చరిత్ర చెబుతోంది.

ఫియట్ కథే తీసుకుందాం. ఇటలీకి చెందిన ఈ సంస్థ 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజను మనదేశంలో లక్షలాది కార్లను నడిపింది. మారుతి 2007లో తెచ్చిన స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్నది అదే. టాటా ఇండికా విస్టాలోనూ అదే. పేర్లు మాత్రం ఎవరివి వారివి: మారుతి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. కారు ప్రియులు ముద్దుగా ‘జాతీయ ఇంజను’ అని పిలుచుకున్నారు. ఇంత పేరున్న ఇంజనుకు సొంతదారైన ఫియట్ మాత్రం 2009లో గ్రాండె పుంటో తెచ్చినా పెద్దగా అమ్ముకోలేకపోయింది. ఆ కారు స్టీరింగ్ పట్టునూ, గతుకుల దారిలో దాని నిలకడనూ అభిమానులు నేటికీ తలచుకుంటారు. కొనుగోలుదారు చూసింది వేరు. ఫియట్ కార్లను కొన్నేళ్లు టాటా షోరూముల్లోనే అమ్మారు. మరమ్మతు ఎక్కడ, విడిభాగం ఎన్నాళ్లకు వస్తుంది, అమ్మితే ఎంత పలుకుతుంది అన్న ప్రశ్నలకు ధైర్యమిచ్చే జవాబు దొరకలేదు. అదే గుండె ఉన్న స్విఫ్ట్‌కు ఆ చిక్కు లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకి రావడంతో ఆ ఇంజను, దానితోపాటు ఫియట్ కార్లు మన విపణి నుంచి తప్పుకున్నాయి.

ఇప్పటికీ ఇదే తంతు. 2019లో వచ్చిన టయోటా గ్లాంజా లోపల మారుతి బాలెనోయే. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్ ఒకే గూటి పక్షులు. ‘టయోటా అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు’ అనేవారు ఏ టయోటా అన్నది కూడా చెప్పాలి.

రేకు డబ్బాల మాట

భద్రత విషయంలో కారు ప్రియుల ఆగ్రహానికి గట్టి ఆధారమే ఉంది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మనదేశపు చిన్న కార్లు ఐదింటిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసింది. మారుతి ఆల్టో 800, టాటా నానో, హ్యుందాయ్ ఐ10, ఫోర్డ్ ఫిగో, ఎయిర్‌బ్యాగులు లేని ఫోక్స్‌వ్యాగన్ పోలో. ఐదింటికీ సున్నా నక్షత్రాలే! ఒక్క కంపెనీని మాత్రమే వేలెత్తి చూపడానికి వీల్లేని ఫలితమిది. నాడు సున్నా పొందిన టాటాయే 2018లో నెక్సాన్‌తో ఐదు నక్షత్రాలు సాధించింది. రేకు డబ్బా అన్న నింద ఎక్కువగా మోసిన మారుతికి 2024లో కొత్త డిజైర్ ఐదు నక్షత్రాలు తెచ్చిపెట్టింది. అనంతపురం గడ్డమీద పెనుకొండ వద్ద తయారై జిల్లావాసులు సొంతబిడ్డగా చూసుకున్న కియా సెల్టోస్‌కు 2020 పరీక్షలో దక్కినవి మూడే. పాత అభిప్రాయం కొత్త నమూనాకు వర్తించదు. ఏ నమూనా, ఏ ఏడాది అని అడిగి తెలుసుకోవాలి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలూ మొదలయ్యాయి గనుక ఫలితం చూసుకోవడం కష్టం కాదు.

కారు ప్రియులకు కంటగింపైన మరో సంగతి డిక్కీ కోసేసినట్లుండే సెడాన్లు. ఈ తప్పు డిజైనర్లది కాదు, పన్నుది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పరిమిత సామర్థ్యపు ఇంజను ఉన్న కార్లకు 2006 బడ్జెట్ ఎక్సైజ్ సుంకం తగ్గించింది. అందుకే 2012లో డిజైర్ తోక కురచైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతం, పెద్దవాటిపై 40 శాతం. ఇంత తేడా ఉండగా అందం కోసం పొడవు పెంచే సాహసం ఎవరు చేస్తారు?

మిగిలింది కంపెనీ నిలుస్తుందా అన్న భయం. జనరల్ మోటార్స్ 2017 చివరికి ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ కూడా తయారీ నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. ఎకోస్పోర్ట్ నడక తెలిసినవారికి అది పిడుగుపాటే. సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామని సంస్థ హామీ ఇచ్చింది. నగరంలో ఉన్నవారికి అది ఊరటే గానీ, సర్వీసు కేంద్రానికి వంద కిలోమీటర్లు వెళ్లాల్సిన పట్టణవాసికి ఒక్క అద్దం పగిలినా రెండు రోజుల పని. కారు నడక గురించి కారు ప్రియుడిని అడగవచ్చు. ఈ దూరం సంగతి మాత్రం అదే కారు కొని మూడేళ్లు వాడిన పొరుగువారినే అడగాలి.