రైన్ నది నేర్పిన పాఠము
తొమ్మిది దేశముల నీటిని బాగుచేసిన విధము

"నీరు పల్లమెరుగును" అని పెద్దల మాట. కాలువ మొగలో ఉన్న రైతు మంచి చేసినను చెడు చేసినను, దాని ఫలితమును శివారు రైతు అనుభవించవలసినదే. మొగలో తూము ఎక్కువగా ఎత్తినచో శివారు చేను ఎండును. మొగలో మురికి కలిపినచో శివారున ఆ నీటినే త్రాగవలసి వచ్చును. ఒక్క ఊరి కాలువకే ఇన్ని తగవులుండగా, తొమ్మిది దేశముల నీరు చేరెడు నది విషయములో తగవు ఎంత పెద్దదో ఊహించవచ్చును. యూరప్ ఖండములోని రైన్ నది అట్టిది. అది ఎట్లు చెడినదో, ఎట్లు బాగుపడినదో మన రైతు సోదరులు తెలిసికొనదగి యున్నది.

నది స్వరూపము

రైన్ నది స్విట్జర్లాండులోని ఆల్ప్స్ పర్వతములలో పుట్టి, సుమారు 1,230 కిలోమీటర్లు ప్రవహించి, నెదర్లాండ్స్ దేశమున ఉత్తర సముద్రములో కలియుచున్నది. స్విట్జర్లాండు, ఇటలీ, లీక్టెన్‌స్టైన్, ఆస్ట్రియా, జర్మనీ, ఫ్రాన్సు, లక్సెంబర్గ్, బెల్జియం, నెదర్లాండ్స్ - ఈ తొమ్మిది దేశముల భూములపై కురిసిన వానలో కొంత ఈ నదికి చేరును. దీని పరీవాహక ప్రాంతము 2 లక్షల చదరపు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. మన గోదావరి పరీవాహక ప్రాంతము 3 లక్షల చదరపు కిలోమీటర్లకు మించినది. అనగా రైన్ మన గోదావరి కంటె చిన్నదే. కాని దాని పరీవాహక ప్రాంతములో సుమారు 6 కోట్ల జనులు నివసించుచున్నారు. అందు 3 కోట్ల మందికి త్రాగునీరు ఈ నది నుండియే లభించుచున్నది.

నది చెడిన విధము

పూర్వము ఎగువ రైన్ అనేక పాయలుగా చీలి, మెలికలు తిరుగుచు పారెడిది. వరదలు, చలిజ్వరములు ప్రజలను పీడించుచుండెను. టుల్లా అను ఇంజనీరు పథకము ప్రకారము 1817లో నదిని తిన్నగా చేయు పని మొదలుపెట్టి 1876 నాటికి ముగించిరి. నది పొడవు సుమారు 80 కిలోమీటర్లు తగ్గినది. వరదల బాధ తగ్గి, సేద్యమునకు భూమి లభించినది. కాని తిన్ననైన నది వడిగా పారి తన అడుగును తానే కోసికొనెను. నది అడుగు దిగిన కొలది ఇరుప్రక్కల భూగర్భజలము కూడ దిగిపోయినది. నదికి పూర్వము వరద నీరు నిలుచుటకు ఉన్న పల్లపు భూములలో నూటికి 85 పాళ్ళకు పైగా గట్ల వెనుకకు పోయినవి.

ఆపైన కర్మాగారములు, పట్టణముల మురుగు నదిలో చేరినవి. 1950లో స్విట్జర్లాండు, ఫ్రాన్సు, లక్సెంబర్గ్, జర్మనీ, నెదర్లాండ్స్ కలిసి రైన్ రక్షణకు ఒక అంతర్జాతీయ సంఘమును ఏర్పరచుకొన్నవి. అయినను కొన్ని సంవత్సరములు మాటలే ఎక్కువ, పనులు తక్కువ. సముద్రము నుండి ఎదురీది వచ్చి ఉపనదులలో గ్రుడ్లు పెట్టు సాల్మన్ చేప 1950 ప్రాంతముల నాటికి రైన్‌లో కనుమరుగైనది. 1970 తరువాత కొన్ని వేసవులలో నీటిలో ప్రాణవాయువు చేపలకు చాలనంతగా పడిపోయినది.

ఉప్పునీటి తగవు

అన్నిటికంటె రైతులు గమనించవలసినది ఉప్పు తగవు. ఫ్రాన్సులోని ఆల్సేస్ ప్రాంతములో పొటాష్ ఎరువు గనులుండెడివి. త్రవ్విన ఖనిజములో పొటాష్‌తో పాటు మామూలు ఉప్పు కూడ ఉండును. పొటాష్‌ను వేరుచేసి, మిగిలిన ఉప్పును నదిలో వదలెడివారు. దిగువన నెదర్లాండ్స్‌లో అద్దాల ఇండ్లలో కూరగాయలు, పూలమొక్కలు పెంచు రైతులు ఆ నీటినే పారింపవలసి వచ్చినది. చౌడునేల ఎరిగిన మన రైతుకు దీని సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నీరున్నను వేరు పీల్చుకొనలేదు. ఆకు అంచులు మాడును. ఒక దేశపు పొలమునకు ఎరువు తయారగుచుండగా, మరియొక దేశపు పొలము చెడుచుండెను.

నెదర్లాండ్స్ రైతులు న్యాయస్థానమున కెక్కిరి. నేరము జరిగినది ఒక దేశములో, నష్టము కలిగినది వేరొక దేశములో. దావా ఎచ్చట వేయవలెను? 1976 నవంబరు 30న యూరప్ న్యాయస్థానము తీర్పు చెప్పినది: నష్టపోయినవాడు, నష్టము కలిగిన చోటనైనను, దానికి కారణము పుట్టిన చోటనైనను, తన యిష్టము వచ్చిన చోట దావా వేయవచ్చును. 1988లో నెదర్లాండ్స్ అత్యున్నత న్యాయస్థానము గనుల బాధ్యతను స్థిరపరచినది.

దావాలతో మాత్రమే నీరు తీయనగునా? 1976లోనే ఉప్పు తగ్గించుటకు ఆ దేశములు ఒడంబడిక చేసికొన్నవి. ఖర్చును ఫ్రాన్సు నూటికి 30, జర్మనీ 30, నెదర్లాండ్స్ 34, స్విట్జర్లాండు 6 వంతుల చొప్పున పంచుకొన్నవి. నష్టపోయిన దేశమే ఎక్కువ వంతు భరించుటకు ఒప్పుకొన్నదని గమనింపుడు. ఇది న్యాయమా అని అడుగవచ్చును. కాని ఊరకున్నచో అంతకు మించిన నష్టము తప్పదని ఆ దేశము లెక్క చూచుకొన్నది. ఉప్పును భూమిలోనికి పంపుదమనగా, తమ బావులు చెడునని ఆల్సేస్ ప్రజలు అడ్డుపడిరి. అందువలన ఒడంబడిక అమలుకు వచ్చుటకు 1985 వరకు పట్టినది. 2002లో పొటాష్ త్రవ్వకము నిలిచిపోయినది.

ఒక్క రాత్రి ప్రమాదము

1986 నవంబరు 1న బాసెల్ నగరము దగ్గర సాండోజ్ కంపెనీ గిడ్డంగి తగులబడినది. అందు పురుగుమందులు నిలువయుండెను. మంటలార్పిన నీటితో ఆ మందులు నదిలో కలిసి, వందల కిలోమీటర్ల మేర చేపలను చంపినవి. ఈల్ చేపలే సుమారు లక్షన్నర చచ్చినవని అంచనా. నది ఎర్రబారి పారుట చూచి, ఎగువ దిగువ దేశములన్నియు మేలుకొన్నవి. 1987లో ఒక కార్యక్రమమును అంగీకరించి, అందరికిని తెలియు గురి యొకటి పెట్టుకొన్నవి: 2000 సంవత్సరము నాటికి సాల్మన్ చేప తిరిగి రావలెను.

మురుగు శుద్ధి కేంద్రములు నిర్మించిరి. నేడు అక్కడి జనులలో నూటికి 96 మంది ఇండ్ల మురుగు శుద్ధియైన తరువాతనే నదిలో చేరుచున్నది. విషము కలిసినచో దిగువ వారికి వెంటనే తెలియుటకు హెచ్చరిక కేంద్రములు ఏర్పడినవి. ఆనకట్టల ప్రక్కన చేపలు ఎక్కిపోవుటకు మెట్ల దారులు కట్టిరి. సాల్మన్ తిరిగి వచ్చినది. కాని పని పూర్తికాలేదు. కొన్ని జలవిద్యుత్ ఆనకట్టలు దాటి బాసెల్ చేరు దారి చేపకు ఇంకను సుగమము కాలేదు.

నదికి చోటు

1993 డిసెంబరులోను, 1995 ఆరంభములోను పెద్ద వరదలు వచ్చినవి. 1995లో నెదర్లాండ్స్‌లో సుమారు 2,50,000 మందిని, పశువులతో సహా, తరలింపవలసి వచ్చినది. గట్లు ఎత్తు చేయుట ఒక్కటే చాలదని, నదికి చోటు విడువవలెనని అప్పుడు తెలిసినది. ముప్పదికి పైగా చోట్ల గట్లను వెనుకకు జరుపుట, పాత పాయలను త్రవ్వుట చేసిరి. రైన్, మ్యూజ్ నదుల డెల్టాలోని ఓవర్‌డీప్ లంకలో పాడిరైతులే ముందుకు వచ్చి ఉపాయము చెప్పిరి. ఎత్తైన మట్టిదిబ్బలు పోసి, వానిపై ఇండ్లు, పశువుల కొట్టములు కట్టుకొన్నారు. పెద్ద వరద వచ్చినప్పుడు వారి పచ్చికబీళ్ళ మీదుగా నీరు పారును. ఇందుకై కొందరు రైతులు ఆ చోటు విడిచి వేరొకచోటికి పోవలసివచ్చిన మాటయు మరువరాదు.

రైతు చేతిలోని పని

కర్మాగారముల మురుగు గొట్టము కనబడును, దానిని పట్టుకొనవచ్చును. పొలము నుండి జారెడు నత్రజని కనబడదు. నేడు రైన్‌కు మిగిలిన చిక్కులలో ముఖ్యమైనది పొలముల నుండి చేరు ఎరువు, పురుగుమందు. ఆ నత్రజని సముద్రము చేరి నాచును విపరీతముగా పెంచుచున్నది. రైతు కొన్న ఎరువు పైరుకు అందక ఏటిపాలైనచో నష్టము ఇరువురికిని కలదు.

ఈ మాట రైన్‌కు ఎంతయో, మన గొలుసుకట్టు చెరువులకును అంతయే. పై చెరువు అలుగు నీరే క్రింది చెరువునకు చేరును గదా! కనుక:

1. నత్రజని ఎరువును ఒకేసారి వేయక, పైరు అవసరమును బట్టి దఫాలుగా వేయవలెను. పెద్దవాన సూచన ఉన్నప్పుడు వేయరాదు.
2. కాలువ, వాగు గట్టున కొంత వెడల్పు గడ్డి పెరుగనిచ్చి, అక్కడ ఎరువు, మందు వేయరాదు.
3. మందు కొట్టిన స్ప్రేయరును కాలువలో కడుగరాదు; ఖాళీ డబ్బాలను నీటిలో పారవేయరాదు.
4. వాగు పొంగి పారు పల్లమును ఆక్రమింపరాదు.
5. గ్రామాధికారులు ఎగువ, దిగువ ఊళ్ళ రైతులను వానకాలమునకు ముందే ఒకచోట కూర్చుండబెట్టి, పూడిక, గట్లు, తూముల పనుల ఖర్చును వంతులవారీగా నిర్ణయించుట మంచిది.

రైన్ రక్షణ సంఘపు కార్యాలయము జర్మనీలోని కొబ్లెంజ్ పట్టణములో ఉన్నది. కాని దాని కార్యదర్శిగా నెదర్లాండ్స్ దేశస్థునే నియమించుట ఆనవాయితీగా ఉండెడిది. నీరు చెడినచో ముందుగా నష్టపోవునది ఆ దేశమే గనుక దానికే నదిపై ఎక్కువ శ్రద్ధ యుండునని ఇందలి భావము. మన ఊరి నీటి తగవులను తీర్చునప్పుడును శివారు రైతును ముందు వరుసలో కూర్చుండబెట్టి, అతని మాట మొదట వినవలెను.